కహూటా మీద బాంబు ఎందుకు పడలేదు?

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ నడిచిన నాలుగు రోజులూ, ఆ తర్వాత ఇంకో వారమూ మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చి తలా ఒక కంపెనీలో పడ్డ జనం అందులో. సర్గోధా పక్కన కిరానా హిల్స్ లో పాకిస్తాన్ దాచుకున్న అణుబాంబుల మీద మనవాళ్ళు క్షిపణి వేశారని, రేడియేషన్ లీకైందని, ఈజిప్టు నుంచి బోరాన్ మోసుకుని విమానం వచ్చిందని (బోరాన్ ఎందుకురా అంటే ఒక్కడూ చెప్పలేదు) ఒకటే ఫార్వర్డులు. మే 12న ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి విలేకరుల ముందుకొచ్చి కిరానా హిల్స్ ని మేం కొట్టలేదని చెప్పారు. అక్కడ అణు సరంజామా ఉందని చెప్పినందుకు థాంక్స్, మాకు తెలీదే అని ఒక చురక కూడా వేశారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా లీకేజీ ఏమీ లేదంది. గ్రూపు చల్లబడింది. కానీ మిర్యాలగూడ వాడొకడు అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. "వాళ్ళు బాంబు చేస్తున్నరని మనకు ముందే తెలుసు గదా, అప్పుడే ఆ ఫ్యాక్టరీని లేపేస్తే అయిపోవు గదా?"

ప్రశ్న బాగుంది. నలభై ఏళ్ళ క్రితం ఢిల్లీలో చాలా పెద్దవాళ్ళు కూడా ఇదే ప్రశ్న వేసుకున్నారు. దానికి జవాబేమిటో, ఆ జవాబులో మన హైదరాబాదుకీ, మన పీవీకీ ఉన్న భాగమేమిటో చెప్పాలనే ఈ టపా.

ముందు ఆ ఫ్యాక్టరీ సంగతి. పేరు కహూటా. ఇస్లామాబాద్ కి అది ఎంత దూరమంటే, సూర్యాపేట నుంచి కోదాడ ఎంతో దాదాపు అంత. అంటే రాజధాని గుమ్మంలో ఉన్నట్టే. 1971లో బంగ్లాదేశ్ పోగొట్టుకున్నాక, 1972 జనవరిలో ముల్తాన్ లో భుట్టో తన శాస్త్రవేత్తల్ని కూర్చోబెట్టి బాంబు కావాలన్నాడు. 1974 మే 18న మనం పోఖ్రాన్ లో పేల్చాం. మనం దాన్ని శాంతియుత ప్రయోగం అన్నాం కానీ, గోడకవతల కూర్చున్నవాడికి అలా ఎందుకు వినబడుతుంది? ఆ టైములో హాలండ్ లో యురేనియం శుద్ధి చేసే యురెన్కో కంపెనీకి పనిచేసే ఒక సంస్థలో అబ్దుల్ ఖదీర్ ఖాన్ అనే మెటలర్జీ ఇంజనీరు ఉండేవాడు. 1975 చివర్లో ఇంటికి తిరిగొస్తూ సెంట్రిఫ్యూజ్ ల డిజైన్లు, విడిభాగాలు అమ్మే కంపెనీల చిట్టా పట్టుకొచ్చాడు. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడూ, వెండర్ లిస్టూ రెండూ ఎత్తుకొచ్చాడు. 1976లో కహూటాలో ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ అనే అమాయకమైన పేరుతో పని మొదలైంది. 1981లో జియా దానికి ఖాన్ పేరే పెట్టాడు.

అక్కడ చేసే పని ఏమిటో మిర్యాలగూడ వాళ్ళకి చెప్పడం చాలా తేలిక. రైస్ మిల్లులో సార్టెక్స్ మిషను చూసే ఉంటారు. బియ్యం పైనుంచి జారుతుంటే రంగు మారిన గింజని గాలి ఊది పక్కకి తోసేస్తుంది. ఒక్కసారికి పూర్తిగా శుభ్రం కాకపోతే మళ్ళీ ఎత్తి పోస్తారు. గని నుంచి తీసిన యురేనియంలో వెయ్యి గింజలుంటే వాటిలో పనికొచ్చేవి ఏడే, అంటే 0.7 శాతం. మిగతా 993 బాంబుకి పనికిరావు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, రెండు రకాల గింజలూ రంగులో ఒకటే, రసాయనంలో ఒకటే. తేడా బరువులో మాత్రమే, ఒకటి 235, ఇంకోటి 238. అందుకని యురేనియాన్ని ఫ్లోరిన్ తో కలిపి వాయువుగా మార్చి, సన్నటి గొట్టంలో పోసి నిమిషానికి దాదాపు అరవై వేల చుట్లు తిప్పుతారు. బరువైనది అంచుకి పోతుంది, తేలికది మధ్యలో మిగులుతుంది. ఒక గొట్టంలో తేలేది ఏ కొంచెమో. అలాంటి గొట్టాలు వేల సంఖ్యలో వరసగా పెట్టి, ఒకదాంట్లో వచ్చింది ఇంకోదాంట్లో పోస్తూ పోతే వెయ్యిలో ఏడు కాస్తా తొమ్మిది వందలు అవుతాయి. అప్పుడది బాంబు సరుకు. కరెంటు రియాక్టర్ కి ముప్పై నలభై చాలు. అదే మిల్లు, అవే మిషన్లు, ఇంకొన్ని సార్లు తిప్పాలి, అంతే. పొరుగువాడి మిల్లు చూసి ఢిల్లీకి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. బయటినుంచి చూస్తే ఏ సరుకు ఆడుతోందో తెలీదు.

మనకి ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అన్నదాని మీద కథలు బోలెడు. కహూటా మంగలి షాపులో శాస్త్రవేత్తల జుట్టు ఏరుకొచ్చి పరీక్ష చేశారన్న కథ యూట్యూబులో ఇప్పటికీ లక్షల వ్యూలు తెచ్చుకుంటోంది. సినిమాకి బాగుంటుంది, ఆధారం మాత్రం నాకెక్కడా కనపడలేదు. మొరార్జీ దేశాయి ఫోనులో జియాతో నోరు జారాడన్నదానికి కాస్త బరువుంది. రా సంస్థలో పనిచేసిన బి. రామన్ 2007లో వచ్చిన తన పుస్తకంలో ఆ సంగతి రాశారు. ఏదేమైనా 1979 ఏప్రిల్ నాటికి ఇది రహస్యం కాదు. కహూటా కారణంగానే అమెరికా ఆ నెలలో పాకిస్తాన్ కి సాయం ఆపేసింది. ఆ డిసెంబర్లో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్ లో దిగడంతో లెక్క తిరగబడింది. 1981కల్లా 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ, దానితోపాటు 40 ఎఫ్-16 విమానాలు. సెంట్రిఫ్యూజ్ లు తిరుగుతూనే ఉన్నాయి, చూసీ చూడనట్టు ఉండటం వాషింగ్టన్ కి అవసరమైంది.

1981 జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు బాగ్దాద్ పక్కన ఓసిరాక్ రియాక్టర్ ని కూల్చేశాయి. దాంతో ప్రపంచంలో చాలామంది బుర్రల్లో ఒక బల్బు వెలిగింది. ఢిల్లీలోనూ వెలిగింది. 1982 డిసెంబర్లో వాషింగ్టన్ పోస్ట్, కహూటా మీద దాడికి భారత సైన్యం ప్రణాళిక గీసిందని, ఇందిరాగాంధీ దాన్ని పక్కన పెట్టారని రాసింది. 1984లో మళ్ళీ ఇలాంటి వార్తలే. వీటిలో ఎంత నిజమో ఎంత ఊహో అన్నది ఇప్పటికీ వాదనే. మొత్తానికి విమానాలు లేవలేదు.

ఎందుకు లేవలేదు అంటే పిరికితనమని ఒక వర్గం, గాంధీగారి దేశమని ఇంకో వర్గం చెప్తుంటారు. నాకు రెండూ నచ్చవు. నాకు కనబడే కారణం లెక్కల్లో ఉంది. కహూటాలో ఉన్నది రియాక్టర్ కాదు, శుద్ధి చేసే గొట్టాలు. దాని మీద బాంబు పడితే ఆ వాయువు గాలిలోని తేమతో కలిసి భయంకరమైన ఆమ్లం అవుతుంది, చుట్టుపక్కల ప్రాణాలు పోతాయి. ఘోరమే, కానీ కొన్ని కిలోమీటర్ల ఘోరం. మరి వాళ్ళు తిరిగి కొడితే ఏం కొడతారు? ట్రాంబే. అక్కడ 1960 నుంచి సైరస్, 1985 నుంచి ధ్రువ. అప్పట్లో ఇవి నడుస్తున్న రియాక్టర్లు. రియాక్టర్ లోపల మండిన ఇంధనంలో అయోడిన్, సీజియం లాంటి పదార్థాలుంటాయి. గాలికెక్కితే అవి ఎక్కడ దిగుతాయో గాలి ఇష్టం. ట్రాంబే ఎక్కడో ఎడారిలో లేదు, బొంబాయిలోనే ఉంది. ఆ పైన తారాపూర్. అంటే మనం వాళ్ళ మిల్లు పగలగొడితే వాళ్ళు మన నగరం మీద విషం చల్లగలరు. ఎఫ్-16లు 1983 జనవరి నుంచి వాళ్ళ చేతికి రావడం మొదలయ్యాయి కూడా. 1983లో వియన్నాలో పాకిస్తాన్ అణుశక్తి కమిషన్ అధిపతి మునీర్ అహ్మద్ ఖాన్ మన రాజా రామన్నకి ఈ మాటే మర్యాదగా చెప్పాడని అంటారు, మీరు కహూటా కొడితే మేం ట్రాంబే కొడతామని. ఆ సంభాషణ జరిగినా జరగకపోయినా, ఆ లెక్క కట్టడానికి ఢిల్లీకి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఇజ్రాయెల్ కి ఈ బాధ లేదు. ఇరాక్ చేతిలో తిరిగి కొట్టే సరంజామా దాదాపు లేదు, పైగా ఓసిరాక్ ఇంకా పని మొదలుపెట్టలేదు. ఓసిరాక్ తో కహూటాని పోల్చి "వాళ్ళు చేశారు, మనం చేయలేకపోయాం" అని బాధపడేవాళ్ళు ఈ ఒక్క తేడా పట్టించుకోరు. ఇంకో సంగతి, ఓసిరాక్ పోయాక సద్దాం మానేశాడా? లేదు. పని నేల కిందకి పోయింది, అంతకు ముందుకన్నా ఎక్కువమంది, ఎక్కువ డబ్బు దాని మీద పెట్టాడు. 1991 యుద్ధం తర్వాత తనిఖీ చేసినవాళ్ళు అది చూసి నోరెళ్ళబెట్టారు.

ఇంతకీ మన కథలో మలుపు 1985 డిసెంబర్ 17. జియా ఢిల్లీ వచ్చి రాజీవ్ గాంధీని కలిశాడు. ఒకరి అణుకేంద్రాల మీద ఒకరం దాడి చేసుకోం అని ఇద్దరూ నోటిమాటగా ఒప్పుకున్నారు. మన వైపు ఈ ఆలోచనని ముందుకు తోసినవాళ్ళలో రక్షణ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం పేరు చెప్తారు. నాలుగు నెలలకి, 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. రియాక్టర్ తెరుచుకుంటే గాలి ఎంతదూరం మోస్తుందో అప్పటిదాకా కాగితం మీద లెక్క, ఆ రోజు నుంచి అనుభవం. 1987 మొదట్లో బ్రాస్ టాక్స్ విన్యాసాలతో సరిహద్దులో రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ జనవరిలోనే కుల్దీప్ నయ్యర్ కి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఎ.క్యూ. ఖాన్ బాంబు ఉందన్నట్టు మాట్లాడాడు. అది మార్చి 1న లండన్ అబ్జర్వర్ లో అచ్చయింది. ఇక కొట్టాలన్నా సమయం మించిపోయినట్టే.

1988 ఆగస్టులో జియా విమాన ప్రమాదంలో పోయాడు. డిసెంబర్లో బేనజీర్ ప్రధాని అయింది. ఆ నెలాఖరున సార్క్ సమావేశం కోసం రాజీవ్ ఇస్లామాబాద్ వెళ్ళినప్పుడు, డిసెంబర్ 31న ఆ నోటిమాట కాగితం మీదకి వచ్చింది. సంతకాలు పెట్టింది విదేశాంగ కార్యదర్శులు, మన తరఫున కె.పి.ఎస్. మీనన్, వాళ్ళ తరఫున హుమాయూన్ ఖాన్. అప్పుడు మన విదేశాంగ మంత్రి ఎవరనుకున్నారు? పీవీ నరసింహారావు. కహూటా మీద దాడి గుసగుసలు మొదలైన 1981, 82ల్లోనూ ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఒప్పందం 1991 జనవరి 27న అమల్లోకి వచ్చింది, మొదటి జాబితాలు చేతులు మారింది 1992 జనవరి 1న. అప్పటికి ఆయన ప్రధానమంత్రి. పీవీ అంటే మనవాళ్ళకి ఆర్థిక సంస్కరణలు, లేకపోతే బాబ్రీ. ఈ వరసలో మొదటినుంచి చివరిదాకా ఆయన ఉన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. 1995లో పోఖ్రాన్ లో గొయ్యి సిద్ధం చేయించి, అమెరికా ఉపగ్రహాలకి దొరికి, ఆగిపోయింది కూడా ఆయన హయాంలోనే. ఒక చేత్తో బాంబు, ఇంకో చేత్తో ఎదుటివాడి అణుకేంద్రం ముట్టుకోమన్న కాగితం. ఆయనకి ఇందులో వైరుధ్యం కనబడి ఉండదని నా అనుమానం.

ఆ ఒప్పందం పాఠం చదివారా? చదవండి, ఒక ప్రోగ్రామర్ కి ముచ్చటేసే డాక్యుమెంటు. మొత్తం ఒకటిన్నర పేజీ ఉంటుందేమో. ఎదుటి దేశపు అణుకేంద్రాన్ని నాశనం చేసే పని నేరుగా గానీ, చాటుగా గానీ చేయకూడదు, చేయించకూడదు, అందులో పాలుపంచుకోకూడదు. అణుకేంద్రం అంటే ఏమిటో నిర్వచనం ఉంది. కరెంటు రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, ఇంధనం తయారుచేసేవి, యురేనియం శుద్ధి చేసేవి, వాడిన ఇంధనాన్ని మళ్ళీ శుద్ధి చేసేవి, రేడియోధార్మిక పదార్థాలు పెద్ద ఎత్తున నిల్వ ఉంచేవి. ప్రతి ఏడాదీ జనవరి 1న ఎవరి కేంద్రాల అక్షాంశాలు, రేఖాంశాలు వాళ్ళు ఎదుటివాడికి ఇవ్వాలి. అంతే. శాంతి, సౌభ్రాతృత్వం అంటూ ఉపన్యాసం పెద్దగా లేదు. శత్రువుకి మన కోఆర్డినేట్లు మనమే ఇచ్చి, ఇక్కడ కొట్టొద్దు అని చెప్పడం! మొదటిసారి వింటే పిచ్చి పనిలా ఉంటుంది. కానీ ఉపగ్రహాలున్న కాలంలో పెద్ద రియాక్టర్ ని ఎవడు దాచగలడు? తెలిసిన చోటుని తెలుసని ఒప్పుకోవడమే ఇక్కడ జరిగేది. రేపు యుద్ధంలో "పొరపాటున పడింది, అదేమిటో మాకు తెలీదు" అనే సాకు చచ్చిపోతుంది.

ఇక మన హైదరాబాదు సంగతి. మనలో ఎంతమంది చదువుకునే రోజుల్లో ఈసీఐఎల్ వైపు రూముల్లో ఉన్నాం? బస్సు బోర్డు మీద ఈసీఐఎల్ అని చదివి ఎక్కడమే తప్ప, ఆ పేరు అణుశక్తి విభాగం 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కంపెనీదని ఆలోచించం. దాని పొరుగునే 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం అక్కడే కట్టలు కడతారు. తారాపూర్ కి కావాల్సిన ఇంధనం కూడా అక్కడ తయారైనదే. ఒప్పందంలోని నిర్వచనం ప్రకారం "ఇంధనం తయారుచేసేవి" అన్న మాట కిందకి వచ్చేది ఇలాంటి చోటే. జాబితాలు రహస్యం కాబట్టి అందులో ఏ పేర్లున్నాయో మనకెవరూ చెప్పరు. అక్కడ రియాక్టర్ లేదు, ఉన్నది మండని యురేనియం, కాబట్టి అది చెర్నోబిల్ అయ్యే చోటు కాదు. అయినా చుట్టూ లక్షల ఇళ్ళున్న చోట, యుద్ధంలో గురిపెట్టకూడని చోటు ఒకటుంటే అది అక్కడివాళ్ళకి ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? 1982లో కహూటా మీద విమానాలు లేచి ఉంటే, బదులు తీర్చుకోవడానికి రావల్పిండి వాళ్ళు పరిచే మ్యాపులో హైదరాబాదు మీద కూడా ఒక గుర్తు ఉండేదని ఊహించడం పెద్ద కష్టం కాదు. "లేపేస్తే అయిపోవు గదా" అన్నవాడు ఈసీఐఎల్ దగ్గర మూడేళ్ళు ఉన్నాడు.

అణు భయమంటే ఏమిటో మా వైపు వాళ్ళకి కొత్త కాదు కూడా. నాగార్జునసాగర్ అంచున లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామని ప్రభుత్వ సంస్థ వచ్చినప్పుడు, 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఎదురుతిరిగారు. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు పారేది మిర్యాలగూడ, హుజూర్ నగర్, కోదాడ పొలాలకే. మన దేశం, మన ప్రభుత్వం, మన గని అయినా భయం భయమే. అలాంటిది పొరుగు దేశంలో, సైన్యం కాపలా కాసే ఫ్యాక్టరీ అంటే ఎలా ఉంటుంది? వాళ్ళకి మన ట్రాంబే కూడా అలాగే కనబడి ఉంటుంది కదా.

ఈ ఒప్పందం గొప్పదని ఆకాశానికెత్తను. దీంట్లో తనిఖీ లేదు. జాబితాలో ఒక చోటు దాచేస్తే పట్టుకునే విధానం లేదు. మొదటి జాబితాలు అందగానే ఇద్దరికీ అదే అనుమానం వచ్చిందని, అవతలివాడు శుద్ధి కేంద్రం ఒకటి మింగేశాడని గొడవపడ్డారని అప్పట్లో రాశారు. కాగితం ఉన్నంత మాత్రాన భయమూ పోలేదు. 1998 మేలో మనం పోఖ్రాన్ లో మళ్ళీ పేల్చాక, వాళ్ళు చాగాయ్ లో పేల్చబోయే ముందు రాత్రి, భారత్, ఇజ్రాయెల్ కలిసి తమ అణుకేంద్రాల మీదకి వస్తున్నాయని పాకిస్తాన్ హడలిపోయి మన హైకమిషనర్ ని అర్ధరాత్రి వేళ పిలిపించింది. మే 28న పేల్చేశాకే వాళ్ళ గుండె కుదుటపడింది. అన్నింటికన్నా పెద్ద లోపం, ఒప్పందం కహూటాని కాపాడింది కానీ కహూటా నుంచి సరుకు బయటికి పోకుండా ఆపలేదు. ఎ.క్యూ. ఖాన్ మనుషులు అవే డిజైన్లు ఇరాన్ కి, లిబియాకి, ఉత్తర కొరియాకి అమ్ముకున్నారు. 2004లో ఖాన్ టీవీలో కనబడి ఒప్పుకున్నాడు. కహూటాని కొట్టకపోవడం సరైనదే అనే నాలాంటివాడు ఈ ఖర్చు కూడా ఆ ఖాతాలోనే రాసుకోవాలి.

ఆ డిజైన్ల మనవలే ఇరాన్ లో నతాంజ్ లో తిరిగిన సెంట్రిఫ్యూజ్ లు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఆ తర్వాత 22న అమెరికా వాటి మీద బాంబులు వేశాయి. ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్. కహూటా తల్లి చెక్కుచెదరలేదు, నతాంజ్ పిల్ల మీద పడ్డాయి. తేడా ఎక్కడంటే ఇరాన్ కి ఇజ్రాయెల్ తో ఇలాంటి కాగితం లేదు, తిరిగి అదే స్థాయిలో కొట్టే బలమూ లేదు. కాగితం పనిచేసింది బలం వల్లా, బలం అదుపులో ఉంది కాగితం వల్లా అని మా మేనేజర్ తో అంటే, "అయితే రెండూ ఉండాలంటావ్" అన్నాడు. అవును మరి.

జనవరి 1న ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. 2008 ఒప్పందం ప్రకారం ఒకరి జైళ్ళలో ఉన్న ఇంకొకరి ఖైదీల పేర్లు, మత్స్యకారుల పేర్లు, జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి. 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ కి దొరికిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి ఇవతలికొచ్చారు. తండేల్ సినిమా చూసినవాళ్ళకి తెలిసిన కథే. బాంబు ఫ్యాక్టరీల కోఆర్డినేట్లూ, శ్రీకాకుళం జాలరుల పేర్లూ ఒకే రోజు, అవే రెండు కార్యాలయాల మధ్య నడుస్తుంటాయి.

1992 నుంచి ఒక్క ఏడాది కూడా ఆగలేదు. కార్గిల్ తర్వాత 2000లో ఇచ్చారు. పార్లమెంటు మీద దాడి జరిగి రెండు సైన్యాలూ సరిహద్దుకి చేరుతున్న 2002 జనవరి 1న ఇచ్చారు. ముంబై దాడి జరిగిన ఐదు వారాలకి ఇచ్చారు. బాలాకోట్ తర్వాతా ఇచ్చారు. 2025 మేలో క్షిపణులు అటూ ఇటూ ఎగిరాయి, సింధు జలాల ఒప్పందాన్ని మనం పక్కన పెట్టేశాం, వీసాలు ఆగాయి, ఆకాశం మూశారు. 2026 జనవరి 1న మాత్రం ఢిల్లీలోనూ ఇస్లామాబాద్ లోనూ ఒకేసారి కవర్లు చేతులు మారాయి. విదేశాంగ శాఖ ప్రకటన ఎప్పట్లాగే నాలుగైదు వాక్యాలు, చివర్లో ఇది వరసగా 35వ సారి అని.